ఫియట్ మీద ఎనిమిది దూలాలు

మా మేడ మీద గదిలో పడుకుని పైకి చూస్తే ఎనిమిది టేకు దూలాలు కనబడతాయి. వాటి మీద రేకులు. ఇన్నేళ్లలో ఆ గదిలో ఉండి కంప్యూటర్ కోర్సులు చదువుకుని పోయిన ఆడపిల్లలు ఎంతమందో నాకే గుర్తు లేదు. కొత్తగా చేరిన ప్రతి పిల్లా మొదటి రోజో రెండో రోజో పైకి చూసి, "ఆంటీ, ఇంత మంచి కర్ర తెచ్చి రేకుల కింద పెట్టారేంటి?" అని అడుగుతుంది. చవగ్గా దొరికిందమ్మా అని ఊరుకుంటాను. అది ఇంటికి ఎట్లా వచ్చిందో చెప్పాలంటే ఒక పూట పడుతుంది. వాళ్లకేమో క్లాసుకు టైం అవుతుంటుంది.

రెండువేల సంవత్సరం, ఆషాఢ మాసం. అప్పటికి పంజాగుట్టలో ఫ్లైఓవర్ లేదు. అమీర్‌పేటలో మెట్రో స్తంభాలు లేవు. మైత్రీవనం నుంచి మా గల్లీ దాకా ఖాళీ గోడ కనబడితే చాలు, ఏదో ఒక కోర్సు కాగితం అతికించేవారు. నాకు అప్పటికి చదవడం రాదు. రంగు వెలిసిందా లేదా అన్నదాన్ని బట్టి ఏ కాగితం పాతదో ఏది కొత్తదో చెప్పగలిగేదాన్ని, అంతే. అక్షరాలు తర్వాత ఎప్పుడో ఆ మేడ మీది పిల్లలే నేర్పారు.

ఆ రోజుల్లో రాజమండ్రి నుంచి, గుంటూరు నుంచి, కరీంనగర్ నుంచి పిల్లలు బస్సు దిగి, పెట్టెలు మోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగి గదులు అడిగేవారు. మా గల్లీలో మెట్ల కింద జాగాకు కూడా తలుపు పెట్టి అద్దెకిచ్చినవాళ్లున్నారు. మేమూ మేడ మీద ఒక గది వేద్దామనుకున్నాం. గోడలు లేచాయి. కప్పు దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు. వానలు మొదలయ్యాయి. పైకి పోయి చూస్తే నాలుగు గోడల మధ్య మోకాలి లోతు నీళ్లు, అందులో పిచ్చుకలు స్నానం చేస్తుండేవి.

అమ్మడానికి మా దగ్గర ఉన్నదల్లా ఒక్కటే. కారు.

మా ఆయన హనుమాండ్లు పంజాగుట్టలో జోగారావు గారి దగ్గర ఇరవై రెండేళ్లు డ్రైవరు. జోగారావు గారు గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. చూపు తగ్గి, బయటికి తిరగడం మానేశాక, తన పాత మీగడ రంగు ఫియట్‌ను మా ఆయనకే ఇచ్చేశారు. "నువ్వు తప్ప దీన్ని ఇంకెవరూ స్టార్ట్ చెయ్యలేరు, తీసుకుపో" అన్నారు. అది నిజమే. దాని గేరు స్టీరింగ్ పక్కన ఉండేది. ఎటు లాగితే ఏది పడుతుందో ఆయనకొక్కడికే తెలుసు. మా గల్లీలో అదే మొదటి కారు. పెట్రోలు పోయించే తాహతు లేక అది ఎక్కడికీ పోయేది కాదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తుడిచేవాడు. నాకు ఒళ్లు మండేది.

చివరికి నేనే ఎర్రగడ్డలో పాత బండ్లు కొని అమ్మే చక్రపాణికి కబురు పంపాను. అతను వచ్చి, చుట్టూ తిరిగి, టైర్లు తన్ని చూసి, సోమవారం పొద్దున వచ్చి తీసుకుపోతానన్నాడు. మా ఆయన రెండు రోజులు కూరలో ఉప్పెక్కువైందని కూడా అనలేదు.

ఆదివారం బోనాలు. తెల్లవారకముందే లేచి, బోనం వండుకుని, బల్కంపేట పోయి ఎల్లమ్మకు సమర్పించి తిరిగొచ్చాం. కాళ్లు కడుక్కుంటున్నాం, పక్కింటి నుంచి పిలుపొచ్చింది, జోగారావు గారి ఫోనని. మా ఆయన పోయి మాట్లాడి పరుగున వచ్చాడు.

"సారు ఇల్లు కూలగొడుతున్రు గదనే. పోర్టికో మీది టేకు దూలాలు దించిన్రట. కూలగొట్టే నర్సింహులు మేస్త్రి అగ్గువకే ఇస్తనంటున్నడు, పైసలు మెల్లగ ఇయ్యుమన్నడట. గానీ పొద్దుగూకేలోపల తీస్కపోవాల్నట. రేపు పొక్లెయిన్ వస్తది."

"దేని మీద తెస్తవ్? ఇయ్యాల బోనాలు. ట్రాలీ ఆటో ఒక్కటి సుత దొరకదు."

"మన బండి మీద తెస్త."

"గా బండి నిన్ను మోసుడే ఎక్కువ."

ఆయనకు కోపం వచ్చింది. ఆయనకు కోపం రావడం అరుదు. "రుద్రమ్మా, ఒక్క మాట. కట్టె బండి మీద ఇంటికొస్తే బండి ఉంటది. రాకపోతే రేపు నా చేత్తోనే చక్రపాణికి తాళం ఇస్త. మల్ల నోరెత్తను."

"సరే. నీ మాట మీద నువ్వుండు" అన్నాను. ఎట్లాగూ తేలేడనే నా ధైర్యం. మా అమ్మాయి సుష్మితను పక్కింటి రాజమ్మ దగ్గర వదిలేసి నేనూ బయల్దేరాను. కొంగున పొద్దుటి పసుపు కుంకుమల పొట్లాలు అట్లాగే ఉన్నాయి.

పంజాగుట్టలో ఆ ఇల్లు ఇల్లులా లేదు. కిటికీలు ఊడబెరికారు. మేడ సగం లేదు. గేటు పక్కన వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని జోగారావు గారు కూర్చున్నారు. పోర్టికో ఉన్న చోట ఆకాశం కనబడుతోంది. కింద దూలాలు వరసగా పెట్టి ఉన్నాయి, ఒక్కొక్కటి పన్నెండు అడుగులు. మా ఆయన వంగి ఒకదాని మీద చెయ్యి వేశాడు. ఇరవై రెండేళ్లు వాటి కిందనే బండి ఆపి, వాటి నీడనే అన్నం తిన్న మనిషి.

"ఏంటి హనుమాండ్లూ, కారు మీద వేసుకెళ్తావా? మతి ఉండే మాట్లాడుతున్నావా?" అన్నారు జోగారావు గారు.

"ఏం కాదు సార్. మెల్లగ పోత."

"రుద్రమ్మా, నువ్వైనా చెప్పవా?"

"చెప్పిన సార్. వింటే గద."

నర్సింహులు మేస్త్రి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "అన్నా, ఇది కారనుకున్నవా, లారీ అనుకున్నవా? కూసున్నదంటే మల్ల లేవది."

"నువ్వు ఎత్తు భాయ్, ఫికర్ నాది."

జోగారావు గారు లోపలి నుంచి ఒక పాత పరుపు ఇప్పించారు. దాన్ని కారు టాపు మీద పరిచి, పైన గోనెసంచులు వేసి, నలుగురు కూలీలు ఒక్కొక్క దూలం ఎత్తి పెట్టారు. నాలుగోది పెట్టేసరికి వెనక చక్రాలు సగం దాగాయి. ఆరోదానికి నేను కళ్లు మూసుకున్నాను. ఎనిమిదీ ఎక్కాయి. టాపు దాటి ముందు రెండు మూరలు, వెనక రెండు మూరలు బయటికి వచ్చాయి. వెనక కొసకు నర్సింహులు ఎర్ర గుడ్డ కట్టాడు, వెనక వచ్చే బండ్లకు కనబడాలని.

ఇక నా పని. పాత ఇంటి కట్టెను ఊరికే ఇంట్లోకి తేకూడదని మా అమ్మ చెప్పేది. ఎవరెవరి ఏడుపులు విన్నదో, ఏమేమి చూసిందో అని. అందుకని కొంగున ఉన్న పసుపు నీళ్లలో కలిపి ఎనిమిదింటికీ పూశాను. కుంకుమ పెట్టాను. వేపచెట్టు కొమ్మలు విరిచి ముందూ వెనకా తాళ్లకు కట్టాను. మిగిలిన పసుపు వేస్ట్ చేయడమెందుకని కారు ముందు భాగానికి కూడా రాశాను. ఆవాళ ఏ రోజో నా బుర్రకు తట్టనే లేదు. పొద్దున్నే బోనం ఇచ్చి వచ్చినదాన్ని!

"లోపల కూసో" అన్నాడు మా ఆయన. ముందు సీట్లో ఎక్కాను. అప్పుడు తాడు ఒక కిటికీలోంచి లోపలికి తెచ్చి, మా నెత్తుల మీదుగా రెండో కిటికీలోంచి బయటికి తీసి, పైన దూలాలకు బిగించాడు. ముందు ఒక వరస, వెనక ఒక వరస. బాగా బిగించాక తలుపు లాగి చూశాడు. రాలేదు. నాలుగు తలుపులూ కట్టేసుకుపోయాయి. ఆయన బయట, నేను లోపల.

కూలీలు విరగబడి నవ్వారు. మా ఆయన చొక్కా సర్దుకుని, కిటికీలోంచి తల ముందు పెట్టి లోపలికి దూరాడు. కాళ్లు చాలాసేపు బయటే ఉన్నాయి.

"నేనెట్ల దిగుడయ్యా?"

"ఇంటికి పోయినంక ఇప్పుత. మధ్యల దిగే పని నీకేమున్నది?"

బండి కదిలింది. జోగారావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయనకు మేం కనబడ్డామో, బండి చప్పుడే వినబడిందో నాకు తెలియదు.

పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు మమ్మల్ని చూశాడు. అయిపోయింది, పట్టుకుంటాడు అనుకున్నాను. అతను టోపీ తీసి కళ్లకు అద్దుకుని, అటునుంచి వచ్చే బస్సును ఆపి మాకు దారి ఇచ్చాడు.

"చూసినవా? ఫియట్ అంటే గట్లుంటది మర్యాద" అన్నాడు మా ఆయన.

అమీర్‌పేట దాకా అదే మర్యాద. పక్కన పోయే స్కూటరు వాళ్లు బండిని తాకి దండం పెట్టుకున్నారు. ఒకావిడ పరిగెత్తుకుంటూ వచ్చి నా ఒళ్లో కొబ్బరికాయ వేసి పోయింది. నాకు అనుమానం వచ్చింది. ఆయనకు రాలేదు, ఆయన ముందు చూపే చూస్తున్నాడు.

అంతకుముందు ఆ కారులో నేను ఎక్కింది రెండు మూడుసార్లే, అదీ వెనక సీట్లో సుష్మితను ఒళ్లో పెట్టుకుని. ఆయన మెడ తప్ప నాకేమీ కనబడేది కాదు. ఇరవై రెండేళ్లు ఆయన బండి నడిపి తెచ్చిన జీతంతో బతికాను గానీ ఆయన బండి నడపడం ఎప్పుడూ చూడలేదు. ఆ రోజే చూశాను. ఇంట్లో నీళ్ల చెంబు పెడితే తన్నుకుని పోయే మనిషి, అక్కడ వేరే మనిషిలా కూర్చున్నాడు. గుంత రాకముందే పాదం లేచేది. పైన కట్టె కిర్రుమంటే చాలు, తల తిప్పకుండానే ఏ తాడు జారుతోందో చెప్పేవాడు. ఒక చేత్తో గేరు తాకితే అది మాట విన్నట్టు పడేది.

బల్కంపేట దారిలో జనం కోసం పోలీసులు అడ్డం కట్టెలు పెట్టి బండ్లను పక్క గల్లీల్లోకి మళ్లిస్తున్నారు. మేమూ మళ్లాం. మా ఇంటికి రెండు గల్లీల ఇవతల ఒక బస్తీలో చిన్న పోచమ్మ గుడి ఉంది. అక్కడ డప్పులు మోగుతున్నాయి. గుడి ముందు జనం ఎవరికోసమో ఎదురుచూస్తున్నారు. మా బండి మలుపు తిరిగిందో లేదో ఒక్కసారి అరుపులు.

"వచ్చింది! ఫలహారం బండి వచ్చింది!"

అప్పుడు అర్థమైంది నాకు. బోనాల సాయంత్రం బస్తీ బస్తీకి అలంకరించిన బండి మీద అమ్మవారికి ఫలహారం పెట్టి ఊరేగిస్తారు. ఆ బండికి పసుపు, కుంకుమ, వేపమండలు. మా బండికీ అవే! ఎర్రగుడ్డ కూడా జెండాలాగా ఎగురుతోంది.

క్షణంలో చుట్టుముట్టారు. ఆడవాళ్లు చక్రాలకు నీళ్లు పోశారు. మగపిల్లలు దూలాల మీద గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, అరటి గెల ఎక్కించారు. ఒక చంటిపిల్లను కూడా ఎక్కించబోతే మా ఆయన హారన్ కొట్టాడు. అది విని వాళ్లు ఇంకా గట్టిగా డప్పు కొట్టారు.

"ఆపున్రి! ఇది ఫలహారం బండి కాదు!" నేను అరిచాను. తలుపు గుద్దాను. తలుపు రాదు గదా. కిటికీలోంచి పసుపు చేతులు బయటికి పెట్టి ఊపాను. జుట్టు ఊడిపోయింది. అరిచినకొద్దీ ముందున్నవాళ్లు వెనక్కి జరిగి దండాలు పెడుతున్నారు.

"అమ్మ వచ్చింది! లోపలున్నామెకు పూనకం వచ్చింది!"

డప్పులు ఆగిపోయాయి. గుడి పెద్దామె, పేరు వజ్రమ్మ అని తర్వాత తెలిసింది, కర్ర పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది.

"చెప్పు తల్లీ. ఏం తక్కువ చేసినం నీకు? వానలు మంచిగ పడ్తయా? పిల్లలకు నౌకరీలు వస్తయా?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన స్టీరింగ్ పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. ఒక్క మాట అబద్ధం చెబితే చాలు, కట్టె మా ఇంటికి చేర్చమని అమ్మవారి మాటగా చెబితే క్షణంలో చేరుస్తారు. ఆ ఆలోచన రాలేదని అనను. కానీ పొద్దున్నే ఆ తల్లికి బోనం పెట్టి వచ్చాను.

"నాకు పూనకం రాలే అవ్వా. నా పేరు రుద్రమ్మ. రెండు గల్లీల అవతల మా ఇల్లు. కప్పుకు కట్టె కొనుక్కపోతున్నం. మా ఆయన తాడు కట్టి తలుపులన్ని బిగేసిండు. నాకు దిగరాక ఒర్రుతున్న."

ముందుగా నవ్వింది వజ్రమ్మే. పళ్లు లేని నోటితో ఆమె నవ్వుతుంటే బస్తీ అంతా నవ్వింది. డప్పులవాళ్లు డప్పులు కింద పెట్టి నవ్వారు.

"మరి పసుపెందుకు రాసినవే పిచ్చిదానా?"

"పాత ఇంటి కట్టె గదా అవ్వా..."

"సరే తీ. గుమ్మడికాయలు దించుతం" అన్నాడొక పిల్లవాడు.

"ఎట్ల దించుతవ్ రా?" వజ్రమ్మ కర్ర ఆడించింది. "చక్రాలకు నీళ్లు పోసినం. ఫలహారం ఎక్కిచ్చినం. ఇగ మూడు చుట్లు తిరగంది దించేదుంటదా? బిడ్డా, డ్రైవరూ, నీ బండి తిరుగుతదా?"

మా ఆయన మొదటిసారి తలెత్తాడు. "తిరుగుతది అవ్వా."

నాకు తెలుసు, అది తిరగదు. ఆయనకు ఇంకా బాగా తెలుసు. ఇంటికి తిన్నగా పోతే చేరేది. అంత బరువు మీద గుమ్మడికాయల బరువు, మూడు చుట్లు, గుడి చుట్టూ రాళ్ల దారి. పందెం గుర్తొచ్చి ఆయన చెయ్యి గిల్లాను. "తిరగదని చెప్పు" అన్నాను. "అడిగిన్రు గదనే" అన్నాడు.

మొదటి గేరులో మొదటి చుట్టు తిరిగాడు. ముందు డప్పులు, వెనక ఆడవాళ్లు. రెండో చుట్టులో రేడియేటరు పొగలు కక్కింది. ఒకామె చెంబుతో నీళ్లు తెచ్చి పొగ వచ్చే చోట పోసింది, అది కూడా ఆచారమే అనుకుందేమో. మూడో చుట్టు సగంలో, గుడి వెనక, కింద నుంచి తుపాకీ పేలినట్టు చప్పుడు. బండి నా వైపు ఒరిగింది. చక్రం మీద బరువు మోసే కమాను పట్టీ విరిగింది.

ఆయన ఆపలేదు. ఒరిగిన బండిని అట్లాగే, నిద్రపోయే పిల్లను ఎత్తుకుపోయినట్టు, గుడి ముందుకు తెచ్చి నిలబెట్టి ఇంజను ఆపాడు. పైన ఒక్క కొబ్బరికాయ కూడా జారలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

తాళ్లు విప్పారు. నేను కిందికి దిగాను. దూలాలు ఎత్తేసరికి టాపు తట్టలాగా లోపలికి సొట్టపోయి ఉంది. బస్తీ పిల్లలు ఒక్కొక్క దూలానికి నలుగురు చొప్పున భుజాల మీద పెట్టుకుని, డప్పులతో మా ఇంటి దాకా మోసుకొచ్చి మేడ మీదే పెట్టి పోయారు. ఆ తర్వాత పదిమంది కలిసి బండిని నెట్టుకొచ్చారు. మా ఆయన స్టీరింగ్ పట్టుకుని పక్కన నడిచాడు.

సోమవారం పొద్దున్నే చక్రపాణి వచ్చాడు. బండిని చూసి అక్కడే ఆగిపోయాడు. పసుపు మరకలు, సొట్ట, ఒక పక్కకు ఒరిగి ఉంది.

"ఏందక్కా ఇది? మొన్న మంచిగుండె గద. గీ సొట్టకు నేను చెప్పిన ధర ఇయ్యలేను. తుక్కు కింద తీస్కపోత, గట్లయితే ఒప్పుకుంటరా?"

మా ఆయన లోపలి నుంచి తాళం తెచ్చాడు. రాత్రంతా నిద్రపోలేదని కళ్లు చూస్తే తెలుస్తోంది. చక్రపాణికి ఇవ్వకుండా నా చేతిలో పెట్టాడు. "కట్టె బండి మీద రాలే. భుజాల మీద వచ్చింది. మాట మాటే. నువ్వే ఇయ్యి" అన్నాడు.

తాళం బిగించి పట్టుకుని నేను చక్రపాణితో అన్నాను, "బండి అమ్మం అన్నా. ఏమనుకోకు. చాయ తాగి పో."

"అమ్మరా? తుక్కును ఏం జేస్కుంటరు?"

"మా ఆయన నడుపుతడు."

చక్రపాణి గొణుక్కుంటూ పోయాడు, చాయ కూడా తాగలేదు. నేను తాళం గోడకున్న మేకుకు తగిలించి, చాట తెచ్చుకుని గడప దగ్గర బియ్యం ఏరడానికి కూర్చున్నాను. మా ఆయన నా ముందు నిలబడ్డాడు.

"పందెం నేను ఓడిన గదనే?"

"ఓడినవ్."

"మరి?"

"రాళ్లు ఏరుతున్న. మాట్లాడియ్యకు."

తర్వాత మెకానిక్‌ను పిలుచుకొస్తానని చెప్పులేసుకుని గబగబా బయల్దేరాడు. గల్లీ సగం దాటాక ఆగి, తనవైపు తాను చూసుకుని, మళ్లీ వెనక్కి వచ్చాడు. బనీను మీదనే పోయాడు, చొక్కా వేసుకోవడం మరిచిపోయి.